ముట్టుకోవద్దన్న మా మరిది

మా చెల్లెలి మొగుడు జాతీయ మ్యూజియంలో కాపలాదారు. రాతి విగ్రహాల హాల్లో, మెడలో ఈలతో కుర్చీలో కూర్చుంటాడు. ఎవరైనా తాడు దాటి చెయ్యి చాపితే ఈల ఊది "ముట్టుకోవద్దు" అంటాడు. ఉద్యోగం అంతే. మా దగ్గర మాత్రం ఆ రాజులంతా తనకి మేనమామలైనట్టు మాట్లాడతాడు. "మా తల లేని రాజుగారికి ఈ వానలకి కాస్త చెమ్మ పట్టింది వదినగారూ" అంటాడు. తల లేనివాళ్ళతో అంతకాలం సావాసం చేస్తే ఎవరైనా అలాగే తయారవుతారు.

ఇంటికొచ్చినా ఆ బుద్ధి పోదు. పెళ్ళికి వచ్చిన పింగాణీ కప్పులు అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. వాటిలో ఏళ్ళ తరబడి ఎవరూ చుక్క తాగలేదు. నేనొకసారి ఆ బీరువా తలుపు మీద చెయ్యి వేస్తే, మనిషి గుండె పట్టుకున్నాడు.

మా చెల్లెలేమో దేన్నైనా చేత్తో తడిమితే గాని చూసినట్టు కాదనుకునే రకం. బట్టల కొట్టుకి వెళ్తే కొనేది ఒకటైనా కొట్టంతా నిమిరి వస్తుంది. అందుకే మరిది దాన్ని ఎన్నడూ మ్యూజియానికి తీసుకెళ్ళలేదు. "నువ్వొస్తే నా పరువు బజారున పడుతుంది" అనేవాడు. అతను రిటైరయ్యే రోజులు దగ్గరపడ్డాయి. ఈలోగా ఒక్కసారైనా మొగుడి పక్కన ఆ హాలంతా తిరగాలని, అతను నలుగురితో 'మా ఆవిడ' అని చెబుతుంటే వినాలని దాని కోరిక. అడిగినప్పుడల్లా రేపు, మాపు అనేవాడు.

నేను ఊరుకోలేకపోయాను. "లేవే. రావద్దనడానికి ఆయనేమైనా ఆ రాజుల వారసుడా?" అని లాక్కెళ్ళాను.

మేము వెళ్ళేసరికి మరిది తన పైఅధికారి మేడమ్‌తో మాట్లాడుతున్నాడు. మమ్మల్ని చూడగానే తేలు కుట్టిన దొంగలా చూపు పైకప్పుకి తిప్పేశాడు.

"ఏవండీ" అంటూ చెల్లెలు నవ్వుకుంటూ దగ్గరికెళ్ళింది.

"తాడు దాటకండమ్మా" అన్నాడు.

అమ్మట! కట్టుకున్న పెళ్ళాన్ని!

"బాబూ, ఇక్కడ మా మరిది ఒకడు పనిచేస్తాడట, ఎక్కడైనా కనిపించాడా?" అన్నాను.

"అడ్డం లేవండి, అందరూ చూడాలి" అన్నాడు చెమటలు కక్కుతూ.

చెల్లెలి నవ్వు ఆరిపోయింది. తాడుకి అవతల, ఏ కాలం నాటిదో, ఒక తిరగలి ఉంది. మొగుడి కళ్ళలోకి చూస్తూనే వంగి, దాని మీద అరచెయ్యి మొత్తం ఆనించింది. ఈల మోగింది. హాలంతా ఇటు తిరిగింది.

"ఎవరావిడ? మీకు తెలిసినావిడా?" అని అడిగింది మేడమ్.

"తెలీదు మేడమ్, ఎవరో..."

చెల్లెలు చెయ్యి తీసేసి బయటికి నడిచింది.

సాయంత్రం మరిది ఇంటికొచ్చేసరికి వంటింటి గుమ్మానికి అడ్డంగా బట్టలారేసే తాడు కట్టి ఉంది. అవతల చెల్లెలు తీరిగ్గా టీ తాగుతోంది. పింగాణీ కప్పులో!

"అయ్యో, ఆ కప్పు!"

"ముట్టుకోవద్దు" అంది.

"వదినగారూ, మీరైనా చెప్పండి."

"నువ్వెవరు బాబూ?" అన్నాను.

అప్పుడు నిజం కక్కాడు. "మా ఇంట్లో నా మాట లేకుండా చెంచా కూడా కదలదని మేడమ్ దగ్గర చెప్పుకున్నానే. అంతలో నా మాట కాదని నువ్వొస్తే నాకు నోరు పెగల్లేదు."

"చెంచా సంగతి చెప్పినాయనకి పెళ్ళాం సంగతి చెప్పడానికి నోరు రాలేదా?" అంది చెల్లెలు.

రోజులు గడిచినా ఆ తాడు విప్పలేదు. మరిది గుమ్మం ఇవతలే కూర్చుని, కంచం చేతికందిస్తే తిన్నాడు. చివరికి ఉద్యోగం ఆఖరి రోజున తనే చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. నేనూ వెళ్ళాననుకోండి, ఆ చోద్యం చూడకుండా ఎలా?

"మేడమ్, మా ఆవిడ" అన్నాడు.

"ఆ రోజే తెలిసింది" అంది మేడమ్. "ఎవరు ముట్టుకున్నా మీరు కోప్పడతారు. ఆవిడ ముట్టుకుంటే వణికారు."

అందరూ ఘొల్లున నవ్వారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మా మరిది వెళ్ళి తల లేని రాజుగారి పక్కన నిలబడ్డాడు. జోడీ బాగానే కుదిరింది.

చెల్లెలు చేతులు వెనక్కి కట్టుకుని హాలంతా తిరిగింది. దేన్నీ ముట్టుకోలేదు. "బాగానే ఉంది గానీ, ఈయన చెప్పినంత లేదు" అని తేల్చేసింది.

వచ్చేటప్పుడు నేనే ఆ తిరగలి మీద ఒక చెయ్యి వేశాను. మరిది చూశాడు. ఈల ఇంకా మెడలోనే ఉంది. ఊదితే ఆ పూట కంచం కూడా అందదని అతనికి బాగా తెలుసు.