మా తోడల్లుడి నాలుగో పక్క

మా తోడల్లుడు పోయేడు. సోమవారం పొద్దున్న పలివెల నుంచి వాళ్ళ పెద్దబ్బాయి సైకిలు మీద వచ్చి, ఒక కాలు నేల మీద ఆన్చి, "బాబాయ్, నాన్న పోయేరు" అన్నాడు. నేను అప్పుడు వెదురు చీలుస్తున్నాను. చేతిలో ఉన్న గెడ చివరిదాకా చీల్చేకే కత్తి కింద పెట్టేను. మా ఆవిడ లోపల్నుంచి ఏడుస్తూ వచ్చింది. పోయింది వాళ్ళక్క మొగుడు కదా. నాకు ఏడుపు రాలేదు. మొట్టమొదట నాకు తోచిన మాట రాస్తాను, అది దాచితే మిగతాది రాయడం దండగ. ఇక కొత్తపేట చుట్టుపక్కల పందిళ్ళ మేస్త్రి అంటే నేనొక్కణ్ణే అనుకున్నాను.

ఆయన గురించి నాలుగు మంచిమాటలు రాసిమ్మని మన చర్చి సంఘం పెద్దలు అడిగేరు. మంచిమాటలు నాకు చేతకావు. జరిగింది రాస్తాను.

వయసులో ఆయన నాకంటే మూడేళ్ళు చిన్న. కానీ అక్కని చేసుకున్నాడు, నేను చెల్లెల్ని చేసుకున్నాను. దాంతో వరసకి ఆయన పెద్దవాడైపోయేడు, నేను "అన్నయ్యగారూ" అనాల్సొచ్చింది. ఆయన నన్ను "తమ్ముడుగారూ" అనేవాడు, మాట మాటకీ అండీ పెట్టి. ఆ అండీలో ఎగతాళి ఉందేమోనని ముప్ఫై ఏళ్ళు వెతికేను. దొరకలేదు. దొరికితే నాకు సుఖంగా ఉండేది.

ఇద్దరికీ పని నేర్పింది మా మామగారే. పెళ్ళి పందిరైనా, సువార్త సభల పందిరైనా, నాటకాల పందిరైనా అప్పుడు వెదురూ కొబ్బరాకూనే. ఇప్పటి గుడ్డ షామియానాలు అప్పటికి మా వైపు రాలేదు. నేను పాతిన రాట కదలదు. నేను కట్టిన తడికలో చీమకి సందు దొరకదని జనం అనేవారు. మామగారు మాత్రం అన్నం తింటూ, "పెద్దల్లుడి పందిట్లో గాలాడుతుందే" అనేవాడు మా అత్తగారితో, నేను పక్క విస్తరి ముందు కూచునుండగానే. గాలాడ్డం కూడా ఒక పనితనమేనా అని విస్తరి మడిచేసేవాణ్ణి.

ఆ గాలి ఎక్కడిదో చెబుతాను. మూడు పక్కలూ అందరిలాగే బిగించి కట్టేవాడు. నాలుగో పక్క తడికలకి మేకు కొట్టడు, కట్లు వెయ్యడు. పైన ఒకే ఒక్క జారుముడి. దాని కొస పట్టుకు లాగితే ఆ పక్కంతా ఒరిగి నేల మీద పడిపోతుంది. ఆట మొదలయ్యేక ఆ కొస దగ్గర పీట వేసుకుని, స్టేజీకి వీపు పెట్టి, జనంకేసి చూస్తూ కూచునేవాడు. బొడ్లో ఆకు కోసే కత్తి. అన్ని నాటకాలకి పందిళ్ళు వేసినవాడు ఒక్క నాటకం చూళ్ళేదు. నేనైతే ముందు వరసలో కుర్చీ వేయించుకుని చూసేవాణ్ణి. ఒకసారి ఆయన పందిట్లోనే అడిగేను.

"రాజు వేషం ఎంత బాగా కట్టేడో చూసేరా అన్నయ్యగారూ?"

"చూళ్ళేదండి తమ్ముడుగారూ. అయిదో వరసలో ఒకావిడ నిండు మనిషి. ఆవిణ్ణి చూస్తున్నాను."

"అదేం చూపండీ?"

"లేవాల్సొస్తే ఎటు లేస్తుందా అని."

ఇంకో అలవాటుండేది. జనం రాకముందు తువ్వాలు కళ్ళకి చుట్టుకుని పందిరి నడిమధ్య నుంచి బయటికి నడిచేవాడు. రాటకి గుద్దుకుంటే ఆ రాట పీకి పక్కన పాతేవాడు. "భయపడ్డోడికి కళ్ళుండవండి, కాళ్ళే ఉంటాయి" అనేవాడు. ఆయనకి గుడ్డి మేస్త్రి అని నేను పేరు పెట్టి నలుగురికీ చెప్పేను. ఆ పేరు ఆయనకి అంటలేదు. నేను పెట్టిన పేర్లు మామూలుగా అంటుతాయి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు వేసవిలో, కాలవ అవతల ఒక ఊళ్ళో, హైస్కూలు ఆవరణలో సినిమావాళ్ళ ఆటాపాటా పెట్టేరు. ఊరి పేరు రాయను. టిక్కెట్లు మూడు తాలూకాల్లో అమ్మేరు. కమిటీవారు ముందు మా తోడల్లుడి దగ్గరికే వెళ్ళేరు. ఆయన నాలుగో పక్క వదులుగా ఉంటుందన్నాడు.

"వదులుగా ఉంటే టిక్కెట్టు లేనోళ్ళంతా దూరిపోతారయ్యా" అన్నారట కమిటీ ప్రెసిడెంటుగారు.

"దూరితే దూరుతారండి. బయటికొచ్చే దారి కూడా అదేనండి."

ప్రెసిడెంటుగారు ఒప్పుకోలేదు. ఈయన లేచి వచ్చేసేడు. అక్కణ్ణుంచి ప్రెసిడెంటుగారి కారు మా ఇంటికి వచ్చింది. నేను ఒక్కటే అడిగేను.

"మా అన్నయ్యగారు కట్టనన్నారాండి?"

"ఆయ్, కట్టనన్నాడు."

"అయితే నేను కడతాను."

పోలీసు పర్మిషనుకి కావాలని వాళ్ళ గుమాస్తా ఒక కాయితం ఇచ్చి, చదువుకుని సంతకం పెట్టండి మేస్త్రిగారూ అన్నాడు. అప్పటికి నాకు చదువు రాదు. పేరొక్కటి గియ్యడం వచ్చు. వేలిముద్ర వెయ్యడం నాకు నామోషీ. కాయితం కళ్ళ ముందు పట్టుకుని, కాసేపు పెదాలు కదిపి, సంతకం పెట్టేను. అందులో ఏముందో ఆ తర్వాత కోర్టులో విన్నాను. జనానికి ఏ ప్రమాదం జరిగినా పూర్తి పూచీ పందిరి మేస్త్రిదే అని ఉంది.

పందిరి మాత్రం కట్టేను. నాలుగు పక్కలా రెండు వరసల తడిక, మూర మూరకీ కట్టు, ఒకటే గేటు. నా జన్మలో అంత బిగువుగా ఎప్పుడూ కట్టలేదు. మా తోడల్లుడు చూడ్డానికి వస్తాడని కట్టేను. వచ్చేడు కూడాను. బయట చుట్టూ తిరిగి, తడిక చేత్తో తోసి చూసి, మా వదినగార్ని తీసుకెళ్ళి కాలవగట్టు మీద నిలబెట్టేడు. నా మీద ఏడుపు చేత లోపలికి రాలేదని నా పక్కవాడికి చెప్పి నవ్వేను.

సాయంత్రం నాలుగింటికి సినిమావాళ్ళ కారొచ్చింది. బయటివాళ్ళు గేటు మీద పడ్డారు, లోపలివాళ్ళు చూద్దామని బల్లలెక్కేరు. ఒక బల్ల ఫెళ్ళుమని విరిగింది. ఎవరో పందిరి పడిపోతోందని కేక పెట్టేరు.

నా పందిరి పడలేదు. ఇది ఇవాళ కూడా చెబుతాను. ఒక్క రాట ఒరగలేదు, ఒక్క తడిక ఊడలేదు. జనం వచ్చి తడికని గుద్దుకున్నారు, వెనకవాళ్ళు వాళ్ళని గుద్దుకున్నారు, తడిక అలాగే నిలబడింది. నేను స్టేజీ పక్క నుంచి చూస్తున్నాను. జీవితంలో మొదటిసారి నేను కట్టినది పడిపోతే బాగుండునని అనుకున్నాను.

అప్పుడు కాలవ పక్క తడికలోంచి కత్తి మొన కనబడింది. మా తోడల్లుడు బయట్నుంచి కట్లు కోస్తున్నాడు. అక్కడ సందు పడగానే జనం దాంట్లోంచి కాలవగట్టు మీదికి పడ్డారు. రెండో మూలకి ఆయన వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. అక్కడ ఒకతను పోయేడు. కొబ్బరిచెట్లెక్కి దింపు తీసే మనిషి. రోజూ చెట్ల మీద బతికినవాడు చదును నేల మీద పోయేడు. అతని ముఖం నాకు ఇప్పటికీ తెలుసు.

కేసయ్యింది. నాకు జైలు తప్పదని అందరికీ తెలుసు, పూచీ కాయితం మీద ఉంది నా సంతకమే. ప్రెసిడెంటుగారి ప్లీడరు ఆ కాయితం చూపించి, "చదివే సంతకం పెట్టేవా?" అని అడిగేడు. చదవలేదంటే సగం బయటపడతానని మా ప్లీడరు చిలక్కి చెప్పినట్టు చెప్పేడు. కానీ ఎదురుగా బల్ల మీద మా తోడల్లుడు కూచునున్నాడు. ఏడో క్లాసు చదివినవాడు. బైబిల్లో ఏ పేజీ తీసినా గడగడా చదువుతాడు.

"చదివే పెట్టేనండి" అన్నాను.

తర్వాత సాక్షిగా ఆయన్ని పిలిచేరు. ఆ పందిరి దగ్గర్నుంచీ మాకు మాటల్లేవని ఊరంతా తెలుసు కాబట్టి ఆయన నా మీదే చెబుతాడని ప్రెసిడెంటుగారి ధీమా. ఆయన మేజిస్ట్రేటుగారికి దండం పెట్టి చెప్పేడు.

"నాలుగు పక్కలా బిగించమన్నది కమిటీవారండి. నన్నూ అడిగేరు, నేను కట్టనన్నాను. మా తమ్ముడుగారు కట్టేరు. కట్టమన్నవారిదీ తప్పేనండి, కట్టినవారిదీ తప్పేనండి. ఆ కాయితం మాత్రం ఆయన చదవలేదండి. ఆయనకి చదువు రాదు."

కోర్టులో ఎవరో కిసుక్కున నవ్వేరు. నేను బోనులో కర్ర పట్టుకుని నిలబడ్డాను. ప్రెసిడెంటుగారికి ఆర్నెల్లు పడింది, నాకు మూణ్ణెల్లు. ఆయన పైకోర్టుకి వెళ్ళేరు, నేను జైలుకి వెళ్ళేను. మా తోడల్లుడు ఆ మాట చెప్పకపోతే మొత్తం నా నెత్తినే పడేదని మా ప్లీడరు అన్నాడు. కావచ్చు. మూణ్ణెల్లూ నాకు తిండి సయించనిది జైలు వల్ల కాదు, ఆ నవ్వు వల్ల. ఆ కసితోనే అక్కడ అక్షరాలు దిద్దేను. వాటితోనే ఇది రాస్తున్నాను.

తిరిగొచ్చేసరికి నేను ఒప్పుకున్న పందిళ్ళన్నీ ఆయన వేసేసి ఉన్నాడు. అడిగినవాళ్ళకి, "ఇది మా తమ్ముడుగారి పందిరండి" అని చెప్పేడట. రోడ్డు మీద ఒకాయన ఆపి, "ఈమధ్య మీ పందిళ్ళలో గాలి బాగా ఆడుతోందండి" అన్నాడు. తిన్నగా పలివెల వెళ్ళేను. ఆయన దొడ్లో ఆకు అల్లుతున్నాడు.

"నాకు చదువు రాదని కోర్టులో చెప్తావా?" అన్నాను. వరసా, అండీ అన్నీ మర్చిపోయేను.

"వచ్చని మీరు చెప్పేరు కదండీ. ఎవరో ఒకరు నిజం చెప్పాలి."

"నా రాటల మాట చెప్పలేదేం మరి? ఒక్కటి ఒరిగిందా?"

ఆయన కుడి అరచెయ్యి చాపి చూపించేడు. బొటనవేలు మొదలు నుంచి మణికట్టు దాకా కత్తి జారి తెగిన మచ్చ.

"ఆ కట్లు కొయ్యడం నా వల్ల కాలేదండి తమ్ముడుగారూ. అంత బిగువు నేను కట్టలేను. మామగారు కట్టలేరు. ఇంకెవరూ కట్టలేరు."

ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. దేన్ని మెచ్చుకున్నాడో చూడండి. నేను సైకిలెక్కేను. మర్నాటి నుంచి నా పందిళ్ళకీ నాలుగో పక్క జారుముడి వేసేను. ఆయన చూసేడు, ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే విప్పేసేవాణ్ణి.

సోమవారం నేను వెళ్ళేసరికి వాళ్ళబ్బాయి టెంట్ హౌసుకి కబురు పెట్టబోతున్నాడు. మా వదినగారు ఏడుపు ఆపుకుని, "మీ బాబాయిగారుండగా గుడ్డలెందుకురా" అంది. వాకిట్లో పందిరి నేనే వేసేను. అంతా అయ్యేక చుట్టూ చూసి, ఎవరూ లేరనుకుని, తువ్వాలు కళ్ళకి చుట్టుకున్నాను. నాలుగడుగులు వేసేసరికి నా రాటే నా నుదుటికి తగిలింది. దాన్ని పీకి పక్కన పాతేను.

జనం వచ్చేరు. అంత జనం నాకు రారు, నాకు తెలుసు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ నేను శవపెట్టెకి వీపు పెట్టి, జారుముడి కొస దగ్గర పీట మీద కూచున్నాను. అక్కణ్ణుంచి చూస్తే మనుషులు వేరేగా కనబడతారని అప్పుడు తెలిసింది. ఎవరు నిలబడలేకపోతున్నారు, ఎవరు చంటిపిల్లని చెయ్యి మారుస్తున్నారు, అన్నీ కనబడతాయి.

పెట్టె ఎత్తేరు. వాకిలీ వీధీ నిండిపోయి పెట్టె తిరగలేదు. మోసేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. "బాబాయ్, దారి లేదు" అన్నాడు వాళ్ళబ్బాయి.

నేను కొస లాగేను. పక్కంతా ఒక్కసారిగా ఒరిగి నేల మీద పడింది, ఎదర చేలు కనబడ్డాయి. ఆయన్ని ఆ దారినే తీసుకెళ్ళేరు. ముడికేసి ఎవరూ చూళ్ళేదు. అందరూ వెళ్ళిపోయేక చూస్తే, తడిక మీద ఒకదాని మీద ఒకటి అడుగులు, మధ్యలో మోసేవాళ్ళ మడమలు లోతుగా దిగిన చోట ఆకు నలిగి ఉంది. తాడు కొస ఇంకా నా చేతిలోనే ఉంది.