సర్వర్ పంపిన మిర్చి బస్తాలు

కుదిరిన పెళ్లి సంబంధాన్ని కుర్చీలోంచి లేవకుండా, ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా, చెడిపోయే అంచుదాకా తీసుకెళ్లిన ఘనత నాది. అలాంటి ప్రతిభ అందరికీ రాదు గనక కాస్త శ్రద్ధగా వినండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. హైదరాబాదులో జావా కోర్సు చేసి, జగ్గయ్యపేటలో బస్సు దిగి, ఇంజనీరులా నడవడం మొదలుపెట్టాను. మిర్చి, పప్పులు, బెల్లం టోకున అమ్మే వెంకటసుబ్బయ్యగారు, పాపం, ఆ నడక చూసి నమ్మి తన కొట్టుకి వెబ్‌సైట్ చెయ్యమన్నారు. పేర్లన్నీ తెలుగులో ఉండాలన్నారు. నేను అడ్రసులో కూడా తెలుగే పెట్టాను. మా ఇంటి కంప్యూటర్లో అంతా ముత్యాల్లా వచ్చింది.

అద్దె సర్వర్లోకి ఎక్కించగానే గొడవ మొదలైంది. అడ్రసులోని తెలుగు అక్షరాలు నెట్‌లో పర్సెంటు గుర్తులుగా, అంకెలుగా మారి ప్రయాణిస్తాయి. అవతలి సర్వర్ వాటిని తిరిగి తెలుగు చేసుకోవాలి. మా సర్వర్‌కి ఆ విద్య ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సింది నేనేనని నాకూ తెలియదు. అందుకని ఏ సరుకు నొక్కినా అది తెల్లమొహం వేసింది.

వెంకటసుబ్బయ్యగారు అడ్రసు వంక అనుమానంగా చూశారు. "ఇన్ని పర్సెంట్లు ఎవరికి అబ్బాయ్? కమీషన్ సంగతి ముందు చెప్పలేదే."

"కమీషన్లు కావండి, అక్షరాలు."

"సర్లే. రేపు పొద్దున్నే వెబ్‌సైట్‌కి ముహూర్తం. మావాడి నిశ్చితార్థానికి బెల్లం నందిగామ బావగారు ఇందులోనే కొంటారు. బోణీ ఆయన చేతి మీదే. తేడా రాకూడదు."

వ్యాపారిని బోణీ వాయిదా వెయ్యమనడం కంటే మున్నేటిని వెనక్కి పారమనడం తేలిక. అందుకని ఒక తెలివైన పని చేశాను. పేరు అర్థం కాకపోతే, తెలియదని గోల పెట్టకుండా, మొదటి సరుకు ఇచ్చెయ్యమని సర్వర్‌కి రాసిపెట్టాను. పరీక్ష కూడా చేశాను సుమండీ. మొదటి సరుకు ఎండు మిర్చి. అదే నొక్కాను, అదే వచ్చింది. కాలరు ఎగరేసుకుని ఇంటికెళ్లాను.

మర్నాడు కాబోయే వియ్యంకుడు నందిగామలో కూర్చుని బెల్లం నొక్కారు. పేటలో మిర్చికి ఆర్డరు వచ్చింది. వెంకటసుబ్బయ్యగారు పట్టుచీరలకి బెజవాడ వెళ్లారు. వియ్యాలవారు అడిగినదాన్ని ఎందుకని అడగడం మర్యాద కాదని కొట్టులోవాళ్లు మిర్చి బస్తాలే పంపేశారు. నందిగామలో ముఠా కూలీ బస్తాలు దించుతూ, ఒకటి అనకూడదు గనక, "లాభం, రెండు, మూడు" అని పద్ధతిగా లెక్కపెట్టాడట. మూడోది చిరిగింది. పెళ్లికూతురితో సహా ఇల్లంతా తుమ్ములు.

సాయంత్రం కొట్టుకి నందిగామ నుంచి ఫోనొచ్చింది. "బావగారూ, సంబంధం ఇష్టం లేకపోతే నోటితో చెప్పొచ్చుగా. బెల్లం అడిగితే మిరపకాయలు పంపడం ఏం మర్యాదండి?"

అప్పుడే బెజవాడ నుంచి వచ్చిన వెంకటసుబ్బయ్యగారు నన్నూ బెల్లం బుట్టల్నీ ఒకే జీపులో వేసి నందిగామ తీసుకెళ్లారు. దారంతా నిజంగా భయమేసింది. నా పనితనం వల్ల ఒక అమ్మాయి నిశ్చితార్థం ఆగిపోతే ఇక ఎవరికి మొహం చూపించను?

"సర్వర్‌కి తెలుగు రాదండి," అన్నాను తల దించుకుని.

"రానివాణ్ని పనిలో ఎందుకు పెట్టుకున్నావు?" అన్నారు వియ్యంకుడు.

"వచ్చనుకున్నానండి."

"రానప్పుడు రాదని వాడైనా చెప్పాలిగా?"

"చెప్పబోయాడండి. నేనే నోరు నొక్కేశా."

లోపల్నుంచి పెళ్లికూతురు తుమ్ముతూనే పకపకా నవ్వింది. ఆ నవ్వుకి వాళ్ల నాన్నగారి మీసం కూడా కదిలింది. సంబంధం నిలబడింది. మిర్చి వెనక్కి పట్టుకెళ్తామంటే మాత్రం, "బోణీ సరుకు ఎవరన్నా వెనక్కి పంపుతారా?" అని వియ్యంకుడు ఒప్పుకోలేదు. వెంకటసుబ్బయ్యగారు ఆ చిరిగిన బస్తా ఒక్కటీ నా భుజానికెత్తి, "నీ ఫీజు ఇదే," అన్నారు. జీపులో మాత్రం చోటివ్వలేదు. బస్సులో చిల్లకల్లు వచ్చేసరికి కండక్టరు కళ్లు తుడుచుకుంటూ, "బస్తా దిగుద్దా, నువ్వు దిగుతావా?" అన్నాడు. ఇద్దరం దిగాం.

మర్నాడు సర్వర్ సెట్టింగుల్లో, అడ్రసులు యూటీఎఫ్-8లో, అంటే తెలుగు తెలిసిన పద్ధతిలో, చదువుకోమని ఒక్క ముక్క రాశాను. బెల్లం బెల్లంలాగే వచ్చింది.

కాబట్టి, ఆ బస్తా మోసిన భుజం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ సర్వరైనా "నాకు తెలియదు" అంటే చేతులు కట్టుకుని వింటాను. అంత నిజాయితీ నాకే ఉంటే అసలు ఆ పనే ఒప్పుకునేవాణ్ని కాదు.