జంగప్ప కొలతబండ

యాకోబు నునుపు చేసిన నేల మీద చీమ కూడా జారిపడుతుందని తాండూరులో అంటారు. ఆ మాట మొదట పుట్టించింది యాకోబేనని అతని భార్య సుమిత్రమ్మ అంటుంది. అందులో అబద్ధం లేదు. బంట్వారం దగ్గరి పల్లెలో కూలీనాలీ చేసుకునే ఇంట్లో పుట్టినవాడు. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో పనికి పెట్టాలని తండ్రి తిప్పలు పడితే, కొన్నాళ్లు పోయి, రాయిని పిండి చేసే పని తనకు పడదని తిరిగొచ్చాడు. రాయిని మెరిపించే పని పట్టాడు. పాలిష్ మిషన్ పట్టి ఏళ్లూ పూళ్లూ గడిచినా, పని అయిపోయాక నేల తుడిచి, వంగి, అందులో తన ముఖం కనబడితేగాని మిషన్ తీగ చుట్టడు. మొన్నటిదాకా అదే అతని గర్వం. ఇప్పుడు నేలలో ముఖం కనబడితే చూపు తిప్పుకుంటాడు.

పాత తాండూరులో నాపరాళ్ల వ్యాపారి ఒకాయన కట్టించిన ఇల్లు ఉంది. వారసులు దాన్ని ఊరికి వదిలేస్తే, మహిధర్ అనే బడి పంతులు నలుగురిని కూడగట్టి మ్యూజియం చేశాడు. రాజుల కత్తులు, నాణేలు అందులో ఉండవు. గనుల్లోనూ చేలల్లోనూ పప్పు మిల్లుల్లోనూ పనిచేస్తూ, ఉన్నవాటితోనే ఏదో ఒక ఉపాయం కనిపెట్టిన మామూలు మనుషుల వస్తువులుంటాయి. సైకిల్ చక్రం తిప్పితే కందులు తూర్పారబట్టే పంఖా, బండ పగలకుండా బండి మీదికి ఎక్కించే కొయ్య, అలాంటివి. ప్రతి దాని పక్కనా చేసినవాళ్ల పేరు, ఫొటో దొరికితే ఫొటో.

ప్రారంభానికి ముందు వసారా కడిగి ఇస్తే చాలని యాకోబుకు చెప్పి, పేర్ల బోర్డులు అచ్చు వేయించడానికి మహిధర్ హైదరాబాద్ పోయాడు. కడగడమంటే యాకోబుకు నామోషీ అనిపించింది. జిల్లా అంతా వచ్చి నడిచే నేల. కలెక్టరు గారి కాళ్లు పడతాయి. పైసా అడగకుండా సొంత ఖర్చుతో మిషన్ దించాడు.

వసారా అంతా మెరిసిపోయింది. ఒక్క బండ మాత్రం మొండికేసింది. దాని మీద అడ్డంగా గాట్లున్నాయి, గోరు దిగేంత లోతు. ఎవరో కట్టెలు కొట్టినట్టున్నారు అనుకున్నాడు. మిషన్‌కు మోటు అరగరాయి బిగించి పట్టాడు. తెల్లని బురద పారుతూనే ఉంది, గాట్లు పోలేదు. మళ్లీ నీళ్లు పోసి మళ్లీ పట్టాడు. మధ్యాహ్నానికి బండ లొంగింది. తర్వాత సన్న రాయి, ఆ మీద మెరుగు పొడి. చివరికి వసారాలో అన్నిటికంటే బాగా మెరిసింది ఆ బండే. సుమిత్రమ్మను పిలిపించి మరీ చూపించాడు.

తిరిగొచ్చిన మహిధర్ చేతిలో బోర్డుతో ఆ బండ దగ్గరికే వచ్చి ఆగాడు. చాలాసేపు కిందికే చూసి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు.

వెనకట గని నుంచి వచ్చిన బండల్ని ఈ వసారాలోనే తాడుతో కొలిచి కూలి కట్టేవారట. షావుకారు మనిషి తాడు ఎట్లా లాగితే అంత లెక్క. జంగప్ప అనే రాళ్లు కొట్టే కూలీ ఒకనాడు పదిమంది ముందు షావుకారును ఒప్పించి, ఈ బండ మీద ఉలితో కొలత గీతలు కొట్టాడట. తాడు సాగుతుంది, బండ సాగదు అన్నాడట. ఆనాటి నుంచి బండ తెచ్చి గీతల మీద పెడితే కొలత ఎంతో గుడ్డివాడికి కూడా తెలిసేదట. మ్యూజియంలో మొదట చూపించాలనుకున్నది దాన్నే.

మహిధర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బోర్డు తీసి బీరువాలో పెట్టి, జరిగిందేదో జరిగింది, ఎవరితోనూ అనకు అన్నాడు.

ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుంటే యాకోబుకు తెల్లని బురదే కనిపించింది.

మ్యూజియం ప్రారంభమైన వారానికి బంట్వారం నుంచి చంద్రవ్వ వచ్చింది. జంగప్ప బిడ్డ. చూపు మందగించిన ముసలామె, కాలేజీ చదివే మనవరాలు నిరోషా చెయ్యి పట్టుకుని వసారా ఎక్కింది. యాకోబు ఆ పక్కనే తలుపుకు బందు బిగిస్తున్నాడు. ఆమె ఎవరో మహిధర్ మాటల్లో విని, అతని చేతులు ఆగిపోయాయి.

చంద్రవ్వ ఎవరినీ అడగలేదు. నేరుగా పోయి కింద కూర్చుని అరచేత్తో తడమడం మొదలుపెట్టింది. ఒక బండ, దాని పక్క బండ. మళ్లీ మొదటి బండ. వచ్చినవాళ్లు తప్పుకుని నడుస్తున్నారు.

"ఏడున్నయి అమ్మమ్మా నీ గీతలు? అద్దమున్నట్టున్నది గద," అని నిరోషా నవ్వింది. "నేను పుట్టినకాడికెల్లి ఇదే ముచ్చట జెప్తివి."

"ఉండె బిడ్డా," అంది చంద్రవ్వ. తడమడం ఆపింది. "ఉండెనే అనుకున్న. నాకే మతి దప్పిందో ఏమో."

మహిధర్ చల్లగా, ఆ బండను ఎప్పుడో మార్చి ఉంటారమ్మా అన్నాడు. ముసలామె తలూపింది. నమ్మి ఊపిన తల కాదది, ఓడి ఊపిన తల. లేవడానికి మనవరాలి చెయ్యి అందుకుంది.

యాకోబు స్క్రూడ్రైవర్ కింద పెట్టి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"మార్చలే అవ్వా. గీతలు ఉండె. నేనే అరగదీసిన. కట్టెలు కొట్టిన గాట్లనుకున్న."

చంద్రవ్వ ముఖం అతని గొంతు వైపు తిప్పింది. "జల్ది పోయినయా?"

"పోలే. పొద్దుగాలకెల్లి మధ్యాహ్నం దాక పట్టింది."

ఆమె పెదవుల మీద ఏదో కదిలింది. తండ్రి ఉలి దెబ్బ తలచుకున్నట్టుంది. అంతలోనే అది పోయింది.

"గంతసేపు పోకపాయె గద. ఒక్కపాలి గూడ ఎవల్నన్న అడగబుద్ధి గాలేదా కొడుకా?"

ఆ గీతలు మళ్లీ కొడతాను, ఎట్లుండెనో చెప్పమన్నాడు యాకోబు. వద్దంది.

"నువ్వు గొడితే నీ గీతలైతయి, మా నాయినవి గావు. ఒక్క పని జెయ్యి. అచ్చినోళ్లకు నువ్వే చెప్పు. ఉండె అని, పోగొట్టింది నువ్వని."

నిరోషా నవ్వడం ఎప్పుడో మానేసింది. తల వంచుకుని అమ్మమ్మ చీర కొంగు సర్దుతోంది. మహిధర్ లోపలికి పోయి బీరువా తెరిచాడు. బోర్డు తెచ్చి గోడకు తగిలించాడు.

ఇప్పుడు ఆదివారాలు ప్రార్థన కాగానే యాకోబు అక్కడికి పోతాడు. నలుగురిలో నవ్వులపాలు కావడం నీకు అవసరమా అని సుమిత్రమ్మ మొదట్లో గొణిగింది, తర్వాత మానుకుంది. వికారాబాద్ నుంచి బడి పిల్లలు రైల్లో వచ్చి, బోర్డు చదివి కిందికి చూస్తే వాళ్ల ముఖాలే కనబడతాయి. గీతలేవని అడుగుతారు. తాడు సంగతి, జంగప్ప సంగతి చెప్పి, చివరికి నేనే అరగదీసిన అని ముగిస్తాడు. కొందరు నవ్వుతారు. కొందరు మేజోళ్లతో జారి ఆడుకుంటారు.

మొన్న అట్లాగే చెప్పి ముగిస్తుంటే, పిల్లల వెనకనుంచి చంద్రవ్వ గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చి కూర్చుందో.

"ఎంతసేపు పట్టిందో జెప్పలేదు," అంది. "జల్ది పోయినయనుకుంటరు."

ప్రతిసారీ యాకోబు దాటేసేది ఆ ఒక్క మాటే. గీతలు పోకుండా ఉన్నంతసేపూ ఎవరినైనా అడిగి ఉండవచ్చు, అడగలేదు. పిల్లలు అతని వైపే చూస్తున్నారు. బండ మీద చెయ్యి ఆనించి, పొద్దుగాల మిషన్ పెట్టిన దగ్గరి నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.