గోలెం దగ్గర మొదటి గుక్క

మా కాక పోయాడు. అరబ్బు దేశంలో, హాయిల్ దగ్గరి మజ్రాలో, అంటే మేమంతా కూలి చేసే ఈ కూరగాయల తోటలో, టీ గ్లాసు చేతిలో ఉండగానే ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. నిన్న మా సూపర్‌వైజర్ వచ్చి, చాలా మంచి మనిషి అంటూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు చూసి నాకు ఒళ్లు మండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

రక్తసంబంధం ఏమీ లేదు. జగిత్యాల వైపు మనిషి, ఇక్కడి తెలుగువాళ్లందరికీ కాకే. ఎండలు ముదిరితే కుక్కలూ నక్కలూ దాహానికి డ్రిప్పు పైపులు కొరికేవి. కోడి పేగులకు పురుగుల మందు కలిపి గట్ల మీద పెట్టమన్నాడు సూపర్‌వైజర్. కాక పెట్టనన్నాడు.

"దూప అయితది సారూ. నీళ్లు పెడితే పైపెందుకు కొరుకుతయ్?"

పాత డ్రమ్ము కోసి కంచె అవతల పెట్టి, నీళ్లు నింపాడు. ఊళ్లో పశువుల తొట్టిని పిలిచినట్టే దాన్నీ గోలెం అనేవాడు. అది నింపనిదే టీ కూడా ముట్టేవాడు కాదు. పైపుల గొడవ తగ్గింది. పక్క మేకలమందను కాసే సూడాన్ కాపరి కూడా మేకల్ని అక్కడికే తోలేవాడు.

తన మాట కాదన్నాడని సూపర్‌వైజర్‌కు కడుపుమంట. కాక లేని పూట చూసి, ఆ గోలెంలోనే మందు పోశాడు. నమ్మి తాగే నీళ్లలో! కుక్కలు, పాలిచ్చే తల్లినక్క, కాపరి మేకలు, అన్నీ నురగలు కక్కుకుని చచ్చాయి. థూ, అన్నం తినేవాడు చేసే పనేనా? అడిగితే జంతువులే కదా అని నవ్వాడు. వాడి వెంట్రుక కూడా ఊడలేదు.

కాపరి మాత్రం కాకనే అనుమానించాడు. నీళ్లు పెట్టింది ఆయనే మరి. కాక ఆ డ్రమ్మును లోతుగా పూడ్చి, దూరంగా ఇంకొకటి పెట్టాడు. ఆ మర్నాటి నుంచి రోజూ కాపరి చూస్తుండగా దోసిలి ముంచి తానే మొదట తాగేవాడు. నీకేమైనా పిచ్చా కాకా అని తిట్టాను.

"పెట్టినోడు తాగకుంటే, తాగెటోళ్లు ఎట్ల నమ్ముతర్రా?"

ఇవాళ పొద్దున గోలెం నేను నింపాను. కాపరి దూరంగానే ఆగి, మేకలకు కర్ర అడ్డం పెట్టాడు. అవి దాహంతో అరుస్తున్నాయి. సూపర్‌వైజర్ కంచె దగ్గరికి వచ్చి నిలబడి చూస్తున్నాడు. నేను వంగి దోసిలి ముంచి ఒక గుక్క తాగాను. రెండో గుక్క వాడి కళ్లలోకి చూస్తూ తాగాను.

కాపరి కర్ర దించాడు.