పోస్టత్త, మా ఊరి ఆరంకెలు

పోస్టత్త పోయిందని కిందటి నెల నేను డ్యూటీలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. చేతిలో ఉన్న సెలైన్ సీసా పక్కనున్న అమ్మాయికిచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఏడుపు వెంటనే రాలేదు. ఊరు చేరి, ఆమె వరండాలో ఖాళీ బల్ల చూశాకే వచ్చింది.

రాజాం దగ్గర మా ఊళ్లో ముప్పయ్యేళ్లకు పైగా పోస్టాఫీసంటే ఆ వరండాయే. ఒక బల్ల, ఒక త్రాసు, సిరా మెత్త, ముద్ర. ఎవరికి ఏ వరసైనా, ఊరందరికీ ఆమె పోస్టత్తే. పిన్ నంబరు రాయని కవరు తెస్తే ముట్టుకునేది కాదు. "ఊరి పేర్లకేటి, ఒకే పేరుతో నాలుగూళ్లు ఉంటాయి. ముందు మూడంకెలు జిల్లా, ఎనక మూడూ మన ఆపీసు. అవి లేకపోతే నీ ఉత్తరం ఎక్కడ తిరగాలే?" అని కసిరేది. కసిరి, పెన్ను తనే ఇచ్చేది.

ఆమె రిటైరైన మరుసటేడు జిల్లాలు మారాయి. మా మండలం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్లింది. పిన్ మాత్రం మారలేదు, పాత 532 అలాగే ఉండిపోయింది. ఆ సంగతి నాకు తెలియదు. నర్సు ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ పాత నంబరు కొడితే కంప్యూటరు శ్రీకాకుళం అని చూపించింది. నేను మహా తెలివిగా విజయనగరం జిల్లాలో మా ఊరి పేరు వెతికి, దొరికిన 535 నంబరు రాసేశాను. అది గజపతినగరం అవతల, మా ఊరి పేరే ఉన్న ఇంకో ఊరిది.

జాబితాలో నా పేరు వచ్చింది. ఉత్తర్వు రిజిస్టర్డ్ పోస్టులో వస్తుందని, గడువులోగా చేరకపోతే తర్వాతివాళ్లకి ఇచ్చేస్తామని చెప్పారు. నాన్న పక్షవాతంతో మంచాన ఉన్నాడు. ఇల్లు గడవాలంటే ఆ ఉద్యోగమే దిక్కు. వారమైనా ఉత్తరం రాకపోయేసరికి పోస్టత్త దగ్గరికి పరిగెత్తాను. ఆమె దరఖాస్తు కాపీ చూసి తల పట్టుకుంది.

"సదువుకున్నదానివి, ఇదేటే? కలెక్టరు ఆపీసు మారితే టపా సంచి దారి మారిపోతాదేటి?"

తిట్టడం అయ్యాక, ఉత్తరాన్ని మా ఊరికి మళ్లించమని నాచేత తెల్లకాగితం మీద అర్జీ రాయించుకుంది. "అక్కడి పోస్టుమాస్టరుకి ఫోన్ సేస్తాను, నువ్వు ఇంటికెల్లు" అంది. ఐదో రోజున ఉత్తరం వచ్చింది. 535 నంబరు కొట్టేసి, పక్కన మా నంబరు రాసి ఉంది. గడువుకి ఇంకా రెండు రోజులున్నాయి. ఒక్క ఫోన్‌తో పని జరిగిపోయిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. మొదటి జీతానికి స్వీట్లు తీసుకెళ్తే, "నేనేటి సేశానని" అంటూ సగం నాన్నకి పంపించేసింది.

ఆమె పదో రోజు కార్యానికి గజపతినగరం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆ ఊరి పోస్టుమాస్టరట. నా పేరు విని ఆగిపోయాడు.

"ఆ ఉత్తరం నీదేనా అమ్మా? ఫోన్లో సరేనన్నాను. అయినా, ఆ పేరుగలోలు లేరని ఎనక్కి పంపీస్తామేమోనని బస్సెక్కి వచ్చీసింది. మూడ్రోజులు. పొద్దున్నే రావడం, సంచి విప్పినదాకా మా అరుగు మీద కూకోడం. మూడోనాడు దొరికింది. నువ్వే పట్టుకెల్లిపో అక్కా అంటే ఒప్పుకోలేదు. టపాలోనే రానీ బాబూ, అన్నాది. నంబరు నాచేత దిద్దించి, సంచిలో ఏసినదాకా సూసి, ఉత్త సేతుల్తో బస్సెక్కింది."

ఆ సాయంత్రం బస్సు దిగి, మా గుమ్మం ముందు నుంచే ఇంటికి నడిచి ఉంటుంది. నేను లోపల, ఉత్తరం ఇంక రాదని ఏడుస్తూ కూర్చున్నాను.