ఖాళీ పీట

పొలాలున్న ఇంటి పిల్లవాడు రైల్వే వర్క్‌షాపులో ఇనుము కొట్టడమేమిటని మా తాతగారు తన తమ్ముడితో మాటలు మానేశారు. ఆ పొలాలూ ఇల్లూ మా చేతుల్లోంచి పోయిన చాలా ఏళ్లకు, ఆ తమ్ముడి కూతురిని వెతుక్కుంటూ నేను ఖరగ్‌పూర్ వెళ్లాను. వరసకు నాకు మేనత్త. డెబ్బై దాటినా, ఊరు తనే చూపిస్తానని బయల్దేరింది. పూరీ గేట్ అనే పేట చూశాక స్టేషన్‌కు వచ్చి, అక్కడి పొడవాటి ప్లాట్‌ఫారం మీద నడుస్తున్నాం.

"మీ తాత మా నాన్న పేరు ఎప్పుడైనా తలిసినాడేటి బాబూ?" అని అడిగింది.

అబద్ధం చెబితే సంతోషించేది. నాకు నోరు రాలేదు.

"లేదత్తా. కానీ భోజనాల వేళ తన పక్కన ఒక పీట వేయించేవారు. దానిమీద ఎవరినీ కూర్చోనిచ్చేవారు కాదు. అది తమ్ముడిదని నానమ్మ చెప్పింది."

అత్త నిలబడిపోయింది.

"పీటెయ్యడం తెలిసినోడికి కార్డుముక్క రాయడం తెలీలేదేటి! మా నాన్న పోస్టుమేన్ కోసం సూసి సూసి పోయినాడు."

మా ఇంట్లో ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పి ఎరగరు.

"తప్పు మాదే అత్తా" అన్నాను.

ఆవిడ కళ్లు తుడుచుకుని నా మోచెయ్యి పట్టుకుంది.

"సరేలే, నడు. ఇంతదూరం వచ్చి ప్లాట్‌ఫారం సివరదాకా సూడవేటి?"