లాభం మీట

పాపకు ఏడో నెల నడుస్తుండగా నాకు ఉద్యోగం వచ్చింది. ఆర్మూర్‌లో పసుపు కొని బొంబాయికి పంపే ఒక కంపెనీ గోదాములో కంప్యూటర్ చూసుకునే పని. తొంభైల చివరి మాట. డిగ్రీ మీద ఏడాది కంప్యూటర్ డిప్లొమా చేసిన మనిషి అప్పటికప్పుడు మరొకరు దొరకలేదు కాబట్టి అది నాకు దక్కింది. మా ఆయన దుబాయిలో ఉండేవారు. ఇంట్లో నేను, పాప, బీడీలు చుట్టే మా అత్తమ్మ. ఇంట్లో తంబాకు దుమ్ము, నా చీరకు అంటుకొచ్చే పసుపు దుమ్ము. ఈ రెండింటిలో పసిపిల్లకు ఏది తక్కువ చెరుపో తేల్చుకోలేక, పనిలో చేరడానికి ముందు నాలుగు రోజులు సరిగా తినలేదు. అత్తమ్మే తేల్చింది. బీడీల చాటను వసారాలోకి మార్చుకుని, పాప ఊగే తొట్టెలను లోపలి గదిలో కట్టింది.

"నీ నెత్తిల కంపూటర్ ఉన్నది పిల్లా, దాన్ని బంద్ జేసే బటనే లేదు" అంటూ నన్ను గుమ్మం దాటించింది.

చేరిన నెలకు బొంబాయి నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో నాలుగు చేతి మిషన్లు. ఒక్కొక్కటి సగం ఇటుకంత ఉంటుంది. చిన్న తెర, కింద మీటలు, తలమీద ఎర్రటి వెలుతురు చిమ్మే కన్ను. వాటితోపాటు రెండు ఫ్లాపీలు, నా అరచేతి మందాన ఒక ఇంగ్లీషు పుస్తకం. ఆ ఫ్లాపీల్లోని సాఫ్ట్‌వేర్ చేసే పని చెప్పడం తేలిక. ఆఫీసు గదిలోని కంప్యూటర్ ఏం అడుగుతుందో అది గోదాములో మనిషి చేతిలోని చిన్న తెర మీద కనిపించాలి. అతను అక్కడ నొక్కింది గాలిలోంచి వచ్చి ఈ కంప్యూటర్‌లో పడాలి. చేయించడమే కష్టం.

మేనేజర్ గారు ముందే చెప్పేశారు. వచ్చే సోమవారం బొంబాయి ఆఫీసరు వచ్చి చూస్తాడు. మిషన్లు నడిస్తే ఉంటాయి, లేకపోతే అదే పెట్టెలో తిరిగి పోతాయి. పాత పద్ధతిలో పుస్తకంలో రాసుకుంటే కంప్యూటర్ మనిషి అవసరమే ఉండదు. ఆయన నవ్వుతూ చెప్పిన మాటే గానీ, నాకు మాత్రం ఆ అట్టపెట్టెలో ఐదో మిషన్‌లా నేను కూడా కూర్చున్నట్టు కనిపించింది.

మూడు రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఎక్కించి, గోదాము దూలానికి యాంటెన్నా కట్టించి, నాలుగు మిషన్లనూ కంప్యూటర్‌తో మాట్లాడించాను. పాపకు జలుబు చేసిన రోజు కూడా వెళ్లాను. మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తి పాలిచ్చి, నుదురు ముట్టుకుని చూసి, మళ్లీ పరుగెత్తడం. ఆ గాలిలో తిరిగే తరంగాలు నా ఒంటికి పట్టి పాల ద్వారా పాపకు చేరతాయేమోనని పుస్తకమంతా వెతికాను. పాల సంగతి అందులో లేదు.

తూకం జరిగే తీరు ఇది. రైతు తెచ్చిన సరుకంతా ఒక లాటు. ఆ లాటు చీటీ మీది గీతల్ని మిషన్ కన్నుతో చూపిస్తే కంప్యూటర్ లాటు తెరుస్తుంది. తర్వాత సంచి నంబరు అడుగుతుంది, ఆ సంచి బరువు అడుగుతుంది, మళ్లీ తర్వాతి సంచి నంబరు అడుగుతుంది. సంచులు అయిపోయాక నంబరు కొట్టకుండా ఒట్టి ఎంటర్ నొక్కితే లాటు మూసేస్తుంది. ఒకసారి మూసిన లాటు మళ్లీ తెరుచుకోదు. బొంబాయి వాళ్లు అంత కట్టుదిట్టంగా రాశారు.

మిషన్ పట్టుకునేది హమాలీల మేస్త్రి. అరవై దాటిన మనిషి. అందరిలాగే నేనూ కాకా అని పిలిచేదాన్ని. అంకెలు బాగా తెలుసు, చదువు లేదు. ఆయన కోసం నేను బొంబాయి పాఠాన్ని ఒక్క మాటకు కుదించాను: నంబరు ఉంటే నంబరు కొట్టి ఎంటర్, నంబరు లేకుంటే ఒట్టి ఎంటర్. ఆయన రెండుసార్లు అప్పజెప్పాడు. ఇంత చక్కగా నేర్పానే అని నాకు నేనే మురిసిపోయాను.

గురువారం నాడు మొదటి అసలు లాటు పెట్టాం. నేను ఆఫీసు గదిలో తెర ముందు కూర్చున్నాను. లాటు తెరుచుకుంది. మరుక్షణం మూసుకుంది. సంచులు: సున్నా. రెండో లాటు, అంతే. మూడోది, అంతే. మూసిన లాటును కాకా మళ్లీ తెరవబోతే మిషన్ కుయ్ కుయ్ మని అరవడం మొదలుపెట్టింది.

పుస్తకం తీశాను. ఎంటర్ నొక్కితే కంప్యూటర్‌కు ఒక గుర్తు పంపాలా, రెండు పంపాలా అన్నది సాఫ్ట్‌వేర్‌లో మనమే పెట్టుకోవచ్చట. రెండు పంపితే కంప్యూటర్ రెండుసార్లు నొక్కారనుకుంటుంది. ఇంకేం, దొంగ దొరికాడు! ఒక్క గుర్తే పోయేట్టు మార్చి, నా బల్ల మీద పది ఉత్తుత్తి లాటులు పెట్టాను. పదీ చక్కగా నడిచాయి. నిజానికి మార్చక ముందు కూడా నా బల్ల మీద నడిచేవే. ఆ సంగతి ఆ ఉత్సాహంలో గుర్తు రాలేదు.

మిషన్ కాకా చేతికిచ్చాను. మళ్లీ సున్నా సంచులు.

నేనే గోదాములోకి వెళ్లాను; అదే మిషన్, అదే కాంటా, అదే సంచి. నేను కొడితే నడిచింది. ఆయన కొడితే మూసుకుంది. హమాలీలంతా ఇనుప కొక్కేలు భుజాన వేసుకుని తమాషా చూడటానికి నిలబడ్డారు.

"కాలేజీ చెయ్యి గావాలె దీనికి. నా చేతిల పెడితె అలుగుతున్నది బిడ్డా" అన్నాడు కాకా.

శుక్రవారం ఆయన పక్కనే నిలబడి గమనించాను. అనుమానమంతా ఎంటర్ మీదే కాబట్టి ఆయన బొటనవేలు దాని మీద ఒకసారి పడుతోందా, రెండుసార్లు పడుతోందా అని మాత్రమే లెక్కపెట్టాను. పసుపు పట్టి లావెక్కిన ఆ వేలు ఒక్కసారే పడినట్టుంది, కానీ అదిరినట్టు కూడా ఉంది. పసుపు పొడి మీట కిందకు పోయి అతుక్కుంటోందని తీర్మానించాను. మిషన్లకు పాలిథిన్ కవర్లు తొడిగాను. కాకాను చేతులు కడుక్కు రమ్మన్నాను.

ఆయన తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నలభై ఏండ్ల పసుపు బిడ్డా, కడిగితె పోతదా అని గొణిగి, పోయి నిజంగానే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చాడు. తడి చేత్తో నొక్కాడు. లాటు మూసుకుంది. ఎవరూ నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండటానికి వాళ్లు పడిన కష్టం నాకు కనిపించింది.

శనివారమంతా మీటల వేగం తగ్గించాను, పెంచాను, యాంటెన్నా జరిపించాను. మేనేజర్ గారు వచ్చి, అట్టపెట్టె పారెయ్యలేదు కదా అని అడిగి వెళ్లారు.

ఆదివారం పొద్దున ఇంట్లో పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా అత్తమ్మ కాళ్లు చాపుకుని, పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఉగ్గు పెడుతోంది. పాప తల తిప్పేస్తోంది. అది ఎన్ని చెంచాలు మింగిందో నేను రోజూ అడుగుతాను కాబట్టి అత్తమ్మ పైకే లెక్కపెట్టేది.

"లాభం... రెండు... మూడు... మింగు బిడ్డ... నాలుగు."

పుట్టినప్పటి నుంచి వింటున్న లెక్క. మా ఇంట్లో వడ్లు కొలిచినా అంతే, మార్కెట్‌లో సంచులు దించినా అంతే. ఎంత అలవాటంటే ఆ మొదటి మాట చెవిలో పడినా లోపలికి పోదు. ఆ రోజు పోయింది.

"అత్తమ్మా, ఒకటి అనకపోతివేంది?"

"మొదటిదాన్ని ఒకటి అంటరా ఎవలన్న? గది లాభం. నంబరెట్లయితది?"

పుస్తకం కింద పెట్టేసి చెప్పులు వెతుక్కున్నాను. పాప ఎన్ని చెంచాలు తాగిందో అడగకుండా నేను ఇల్లు దాటిన మొదటి రోజు అదేనని అత్తమ్మ చాలాకాలం చెప్పుకుంది.

కాకా గోదాము అరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఏదో సరుకు లారీ కోసం. మొదటి సంచికి ఏం నొక్కుతున్నావని అడిగాను.

"ఒట్టి ఎంటర్. నువ్వే చెప్తివి గద, నంబరుంటె నంబరు, లేకుంటె ఒట్టి ఎంటర్ అని. లాభం నంబరు గాదాయె."

"మరి గీ ముచ్చట నాకు చెప్పద్దా కాకా?"

"నువ్వడిగితివా? చేతులు కడుక్కోమన్నవు, కడుక్కున్న."

మూడు రోజులు నేను ఆయన వేలినీ, పసుపునీ, గాలినీ అనుమానించాను. నా పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించిన మనిషి మొత్తం గోదాములో ఆయనొక్కడే.

సరే, రేపు నోటితో లాభం అని, చేత్తో ఒకటి కొట్టమన్నాను. కాకా ఒప్పుకోలేదు. కోపంగా కాదు, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. నోటితో ఒక మాటా, చేత్తో ఒక మాటా ఎట్లా? ఎదురుగా రైతు నిలబడి ఉంటాడు. ఏడాదంతా కష్టపడి, ఉడకబెట్టి, ఎండబెట్టి తెచ్చిన సరుకు. మొదటి సంచినే ఒకటి అని కొట్టడం చూస్తే, అపశకునమని ఆ సంచి మళ్లీ ట్రాక్టరెక్కించుకుని పోతాడు. పోకపోయినా మనసులో ఉంచుకుంటాడు.

నేను వాదించబోయి ఆగాను. పాపకు దిష్టి తగులుతుందని కాటుక చుక్క పెట్టకుండా ఒక్క రోజూ బయటికి తీసుకెళ్లని దాన్ని, ఆయనకు ఏ మొహంతో చెప్పను?

మేనేజర్ గారింటికి పోయి తాళంచెవి తెచ్చుకుని ఆఫీసు గది తెరిచాను. పుస్తకంలో మీటల గురించిన అధ్యాయం అప్పటికే నాకు కంఠతా వచ్చు. మిషన్ పైవరసలో ఎవరికీ అవసరం లేని మీటలు నాలుగున్నాయి. వాటిలో మొదటిది నొక్కితే ఒకటి అంకె, వెంటనే ఎంటర్ గుర్తు, రెండూ కలిసి కంప్యూటర్‌కు పోయేట్టు సాఫ్ట్‌వేర్‌లో రాశాను. పది నిమిషాల పని. తర్వాత లాటు చీటీల తెల్ల స్టిక్కరును చిన్నగా కత్తిరించి, దాని మీద 'లా' అని రాసి, ఆ మీట మీద అంటించాను. నాలుగు మిషన్లకూ.

కాకా ఆ అక్షరం ఏమిటని అడిగి తెలుసుకున్నాడు. ఇక లాభానికి కూడా ఒక కుర్చీ వేశావన్నమాట అన్నట్టు తలూపాడు.

సోమవారం బొంబాయి ఆఫీసరు వచ్చాడు. అదే సమయానికి కమ్మర్‌పల్లి నుంచి ఒక రైతు ట్రాక్టర్ నిండా పసుపు తెచ్చాడు. ఆఫీసరు నా వెనక నిలబడి తెర చూస్తున్నాడు. గోదాములోంచి కాకా గొంతు వినిపించింది.

"లాభం!"

తెర మీద ఒకటి పడింది. లాటు మూసుకోలేదు. బరువు అడిగింది, బరువు పడింది. రెండు, మూడు, నాలుగు... ఆఖరి సంచి దాకా వరుసగా పడ్డాయి. చివర ఒట్టి ఎంటర్‌తో లాటు మూసుకున్నప్పుడు గానీ నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ఆఫీసరు గోదాములోకి వెళ్లి మిషన్ చేతిలోకి తీసుకుని, ఆ స్టిక్కరు ఏమిటని హిందీలో అడిగాడు. బొంబాయి వాళ్లు రాసిన దాంట్లో నా ఇష్టం వచ్చినట్టు మీట పెట్టినందుకు తిట్టబోతున్నాడనుకుని, నాకు వచ్చిన హిందీలో తడబడుతూ చెప్పాను. ఆయన ఆ మీట మీద బొటనవేలు ఆనించాడు. తన తాత ధాన్యం దుకాణంలో మొదటి కొలతను బర్కత్ అని కొలిచేవాడని, ఆ మాట విని చాలా ఏండ్లయిందని అన్నాడు. స్టిక్కరు చెరిగిపోకుండా పైన టేపు వేయమన్నాడు. అంతే, టీ తాగడానికి వెళ్లిపోయాడు.

సాయంత్రం మేనేజర్ గారు ఆ అట్టపెట్టెను చింపించి, కాంటా గదిలో చెమ్మ తగలకుండా కింద పరిపించారు. "ఇగ ఫికర్ చెయ్యకు అమ్మా. మిషన్లు ఉంటున్నయి, నువ్వూ ఉంటున్నవు" అన్నారు.

ఇంటికొచ్చి అత్తమ్మకు అంతా చెప్పాను. ఉద్యోగం నిలిచిందన్న మాట మాత్రం ఆమె రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత మళ్లీ చాట ముందు కూర్చుంది.

"నా ఉగ్గు గిన్నెల దొరికిందన్నమాట నీ నౌకరి. గంత తెలివిగలదానివి, ఫికర్ బందయ్యే మీట గూడ ఒకటి పెట్టుకోరాదు?"

పెట్టుకుంటానన్నాను. లోపలికి పోయి తొట్టెలలోని పాప నుదుటి మీద చెయ్యి వేశాను. కొంచెం వెచ్చగానే ఉన్నట్టనిపించింది.